బాషా చాయ్?

నాకు నోరెక్కువని మా అత్తవారింట్లో అందరూ అంటారు. కాదనను. కానీ ఖరగ్‌పూర్‌లో నేను అద్దె ఇల్లు పోగొట్టుకోబోయింది నోరెక్కువై కాదు, మర్యాద ఎక్కువై. ఈ సంగతి చెబితే మా వాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

అరవైల మొదట్లో మాట. నా భర్త నాకు మేనమామ కొడుకే, అందుకే పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. రైల్వే వర్క్‌షాపులో పని. సొంతంగా క్వార్టరు ఇంకా రాలేదు. నిమ్‌పురాలో వాళ్ళన్నగారి ఒంటిగది క్వార్టరులోనే అందరం ఉండేవాళ్ళం: పెద్దబావ, వాళ్ళ పిల్లలు, మా అత్త, మా యారాలు, మేమిద్దరం. యారాలంటే తోటికోడలు, మా శ్రీకాకుళం వైపు మాట. పగలంతా బాగానే గడిచేది. పడుకునే వేళకే ఎవరి కాళ్ళు ఎవరి తలకి తగులుతున్నాయో తెలిసేది కాదు.

మొదటి కానుపుకి ఆచారం ప్రకారం పుట్టింటికి వెళ్ళాను. వానాకాలం, ఊరి పక్క గెడ్డ పొంగి దారి మూసుకుపోయింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. బిడ్డని మా అమ్మే చేతుల్లోకి తీసుకుంది. ఆడపిల్ల. రెండు మూడుసార్లు ఊపిరి తీసి ఆగిపోయింది. అంతకన్నా ఎక్కువ చెప్పలేను.

రెండోసారి కడుపు పండిందని తెలియగానే ఒకటే పట్టు పట్టాను. ఈ కానుపు ఖరగ్‌పూర్‌లోనే, రైల్వే ఆసుపత్రిలోనే.

"ఒక్క గదిలో పురుడెక్కడ పోస్తామే? మీ అమ్మకాడికి ఎల్లిపో," అన్నాడు బావ.

"సచ్చినా ఎల్లను. ఇక్కడ డాక్టరమ్మ ఉంది. అక్కడేటుంది? ఆ గెడ్డే కదా ఉంది!"

"మరి ఇల్లేదీ?"

"ఇల్లు నాను సూస్తాను."

"సూడు మరి. ఈ నెల్లో దొరక్కపోతే మాత్రం బండెక్కాల. అప్పుడు నోరెత్తకూడదు."

సరేనన్నాను. అనడం తేలికే, తిరిగితే తెలిసింది. పూరీ గేట్ దగ్గర ఒకాయన, క్వార్టరు రాగానే మీ రైల్వేవాళ్ళు పోతారు, నాకొద్దు అన్నాడు. ఇంకొకావిడ నా పొట్ట వంక ఎగాదిగా చూసి, కుళాయి ఒక్కటే ఉంది, పసిపిల్లలున్న వాళ్ళకి చాలదు అంది. పుట్టని బిడ్డ ఆవిడ నీళ్ళన్నీ తోడేసినట్టు! ఇంకోచోట గది బాగుంది గానీ తలుపు లేదు. తలుపు ఎప్పుడొస్తుందని అడిగితే, వస్తుంది వస్తుంది అన్నారు. నెల కరిగిపోతోంది. అత్త నా ట్రంకుపెట్టె కిందికి దించి తుడవడం కూడా మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు కూరలమ్మే ఆవిడ ఖరీదాలో ఒక గది ఖాళీగా ఉందని చెప్పింది. బజారు మధ్యలో పేట. పేరు వినగానే, ఖరీదైన పేట కాబోలు, మనకెక్కడ అందుతుందని నీరుకారిపోయాను. పేరుకే ఖరీదా అని యారాలు నవ్వి ధైర్యం చెప్పింది. ఆమెకి బెంగాలీ బాగా వచ్చు గానీ, ఆ రోజు పిల్లాడికి జ్వరం. ఒక్కదాన్నే వెళ్ళాను.

సందు చివర పెంకుటిల్లు. తెల్లచీర కట్టుకున్న ముసలావిడ తలుపు తీసింది. నన్ను చూసి, "బాషా చాయ్?" అంది.

భాష అడుగుతోందనుకున్నాను. "తెలుగు," అన్నాను.

ఆవిడ లోపలికి చెయ్యి చూపించి మళ్ళీ, "బాషా చాయ్?" అంది.

చాయ్ నాకు తెలియనిదా? స్టేషన్లో రోజంతా అదే కేక. ఆహా, ముక్కూ మొహం తెలియనిదాన్ని పట్టుకుని టీ తాగుతావా అంటోంది, ఎంత మంచి మనిషో అనుకున్నాను. మా వైపు ఎవరైనా ఏదైనా పెడతామంటే మొదట వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి బలవంతం చేస్తే పుచ్చుకోవాలి. అదీ మర్యాద. బెంగాలీలో నా అంటే వద్దని అప్పటికే నేర్చుకున్నాను. అందుకని వంగి, నవ్వుతూ, "చాయ్ నా," అన్నాను. ఆవిడ అదోలా చూసింది. సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి, "చాయ్ నా, చాయ్ నా," అన్నాను.

దబ్బున తలుపేసుకుంది.

మూడోసారి అడగనే లేదు! ఇంటికొచ్చి శివాలెత్తిపోయాను. "ఓలమ్మో, ఏటి మనుసులే ఈళ్ళు! టీ ఇస్తానని పిలిసి మొకం మీద తలుపేస్తారేటి? వొద్దనే కదా అన్నాను, తాగీసినానా?"

బావ అంతా విన్నాడు. విని గోడకి చేరగిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఓసి పిచ్చిమాలోకమా! బాషా అంటే ఇల్లే. చాయ్ అంటే కావాలా అని. టీని ఆళ్ళు చా అంటారు. ఇల్లు కావాలా అని ఆయమ్మడిగితే, అక్కర్లేదు అక్కర్లేదు అని సెప్పీసి వొచ్చినావు!"

యారాలు నవ్వింది, పిల్లలు నవ్వారు, అత్త కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నా ట్రంకుపెట్టె పక్కన కూలబడి ఏడ్చాను. ఇల్లు దొరక్కపోతే దొరకలేదనుకోవచ్చు. దొరికినదాన్ని నా నోటితో నేనే పొమ్మన్నాను. యారాలు నవ్వు ఆపి నా తల నిమిరింది. "రేపు మళ్ళీ ఎల్లు. అంతలోకే ఎవులొస్తారు?" అంది.

పొద్దున్నే పరుగులాంటి నడకతో వెళ్ళాను. తలుపు తీయగానే, మర్యాదా గిర్యాదా అన్నీ గాలికొదిలేసి, "బాషా చాయ్! చాయ్! చాయ్!" అని అరిచాను. ఆవిడ ఉలిక్కిపడింది. నిన్న జరిగింది చేతులతో చూపించాను. టీ తాగినట్టు, వద్దన్నట్టు. అర్థమయ్యాక గుమ్మం పట్టుకుని నవ్వింది, చూడాలి! లోపల కూర్చోబెట్టి గ్లాసు చేతిలో పెట్టి, "చా," అని నేర్పింది.

అప్పుడామె చూపు నా పొట్ట మీద పడింది. కొంగు లాక్కున్నాను. ఇదీ పోయిందనుకున్నాను. ఇంక దాచి లాభం లేదని, తెలిసిన నాలుగు మాటలూ కూడగట్టుకున్నాను. "ఆగే ఏక్‌టా," అన్నాను. ముందొకటి అని. తర్వాత, "నేయ్," అన్నాను. లేదు అని. బజార్లో ఉప్పు లేదన్నా, పప్పు లేదన్నా అదే మాట. నా బిడ్డకి కూడా అదే వాడాల్సి వచ్చింది.

ఆమె లేచి తాళంచెవి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆమెని మాసీమా, అంటే పిన్నమ్మా, అని పిలిచేదాన్ని. ఆ ఇంటికి ప్రతినెలా అద్దె కట్టాం, నిజమే. కానీ ఆవనూనె వాసనకి నాకు వాంతి వస్తుందని తన వంట పెరట్లోకి మార్చుకున్నది ఏ అద్దెలోకి వస్తుంది? నొప్పులొచ్చిన రోజు బావ డ్యూటీలో ఉన్నాడు. మాసీమాయే రిక్షా పిలిచి, నన్ను ఒంటికి ఆనించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గుంతొచ్చినప్పుడల్లా రిక్షావాడిని తిట్టింది. తిట్లలో ఆమె నన్ను మించినదని ఆ రోజే తెలిసింది. కొడుకు పుట్టాడు. ఆసుపత్రంతా వినపడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు ఎంత బాగుందో!

కబురందుకుని మా అమ్మ మెయిలు బండెక్కి ఖరీదా ఇంటికి వచ్చింది. మాసీమా సంబరంగా మనవణ్ణి ఆమె చేతికివ్వబోయింది. అమ్మ వెనక్కి జరిగి రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది.

"నానెత్తనమ్మా. ముందుటిది ఈ సేతుల్లోనే సల్లబడిపోనాది. ఈ గుంటణ్ణి నువ్వే ఎత్తుకో తల్లీ."

"కీ బోల్ఛే?" ఏమంటోందని మాసీమా నన్నడిగింది. అప్పటికి చేపలవాళ్ళతో బెంగాలీలో పోట్లాడేదాన్ని నేను. ఆ రోజు మాత్రం అమ్మ చేతులే చూపించాను.

మాసీమా నా మొహం చూసింది. కొంగు కిందున్న అమ్మ చేతుల వంక చూసింది. వెళ్ళి అమ్మ పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా నేల మీద కూర్చుంది. బిడ్డని సగం తన ఒళ్ళోనూ, సగం అమ్మ ఒళ్ళోనూ పడుకోబెట్టి, తన చేతులు తీసేసింది. వాడు జారబోయాడు. అమ్మ రెండు చేతులా పట్టుకుంది.