ఓడాయన కొలతలు

మా అక్క చొక్కాలు కుడుతుంది. పదహారో ఏట మిషను ముందు కూర్చుంది, ఇప్పుడు నలభై ఏడు. బావ పోయి తొమ్మిదేళ్లు. అదే షాపులో నేను కాజాలు కుట్టి, గుండీలు పెట్టి, ఇస్త్రీ చేస్తాను. మధ్యమధ్యలో అక్కను తిడతాను కూడా. ఆ పనికి జీతం లేదు.

పనిలో అక్కకు ఒకటే పట్టు. తన టేపుతో తాను కొలవందే గుడ్డ మీద కత్తెర పెట్టదు. మనిషి రాలేకపోతే ఒంటికి సరిపోయే పాత చొక్కా ఒకటి ఆదికి తెమ్మంటుంది. "నోటి లెక్కలకి నేను కుట్టను బాబూ" అని ఎంత పెద్దమనిషినైనా వెనక్కి పంపేస్తుంది. అంతటిది ఒక్కసారి ఆ మాట తప్పింది. ఎవరి కోసమయ్యా అంటే, నడిసముద్రంలో ఉన్నానని చెప్పుకున్న ఒక ఘనుడి కోసం!

నిజానికి ఆ డేటింగ్ యాప్ ఆమె ఫోన్‌లో పెట్టింది నేనే. సాయంత్రం నేను మా ఇంటికి వెళ్లిపోతే ఆమెతో మాట్లాడేది రేడియో ఒక్కటే. చూడలేక పెట్టాను. కొరివితో తల గోక్కున్నట్టయింది.

వారం తిరక్కుండానే ఓడ ఇంజనీరు ఒకడు దొరికాడు. ఓడాయన అని నేను పేరు పెట్టాను. ఫొటోలో ఆరడుగుల మనిషి, తెల్ల యూనిఫాం, పలువరస చూస్తే పళ్లపొడి ప్రకటనే. రెండో వారంలో "ఈ యాప్ మనకెందుకు, విడిగా మాట్లాడుకుందాం" అన్నాడు. మూడో వారంలో "నువ్వే నా ప్రాణం" అన్నాడు. వీడియో కాల్ చేయమంటే మాత్రం ఓడలో సిగ్నల్ ఉండదు.

"ఇదేం సిగ్నలే అక్కా! తీపి మాటలకి దొరుకుతుంది, మొహం చూపించడానికి దొరకదా?" అన్నాను.

"నీకు అందరి మీదా అనుమానమే" అని మూతి తిప్పుకుంది. మన సంగతి మీ చెల్లెలికి చెప్పకు, ఆమెకి కుళ్లు అన్నాడట ఆ మహానుభావుడు. నాకు కుళ్లట! ఒళ్లు మండిపోయింది.

అప్పుడే అక్కకు అతనికో చొక్కా కుట్టాలని బుద్ధి పుట్టింది. లేత నీలం గుడ్డ తీసింది. కొలతలు పంపమంటే ఐదు నిమిషాల్లో పంపాడు. ఛాతీ నలభై రెండు, భుజాలు ఇరవై నాలుగు, మెడ పదమూడు, చేయి పందొమ్మిది. కొలతల పుస్తకంలో రాసుకుంటూ తనే నవ్వింది.

"ఈ కొలతలకి మనిషి పుట్టడే! పాపం, మగాళ్లకి టేపు పట్టుకోవడం ఎక్కడొస్తుంది?"

నవ్వి ఊరుకుందా? ఫొటో చూసి భుజాలు తగ్గించింది, మెడ పెంచింది, చేయి సాగదీసింది. గిరాకీ తప్పు చెబితే సర్దుకుని కుట్టడం మాకు అలవాటే. లేని మనిషిని అలా కొలతలు దిద్ది తయారు చేసుకుంది మా పిచ్చి అక్క.

పక్క గది అద్దెకు తీసుకుని రెండో మిషను వేయాలని అక్క ఆరేళ్లుగా డబ్బు కూడబెడుతోంది. ఆ సంగతి ఓడాయనకు ఎప్పుడు చెప్పిందో ఏమో, ఒక గురువారం పొద్దున మెసేజ్ వచ్చింది. ఓడ రేవులో ఆగిందట, తన కార్డు పనిచేయడం లేదట, సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే దిగనివ్వరట. అది పంపితే ఆదివారానికల్లా వచ్చి ఆమె ముందు నిలబడతాడట. అడిగింది అచ్చంగా ఆరేళ్ల డబ్బూ!

అక్క చెప్పులు వేసుకుని బ్యాంకుకు బయలుదేరింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"జరగవే. నా డబ్బు, నా ఇష్టం."

"నీ ఇష్టమే. ఒక్క పని చేసి వెళ్లు. రాసుకున్న కొలతలు పోయాయి, మళ్లీ కొలిచి పంపండి అని అడుగు. పుస్తకంలో ఉన్నవాటితో సరిపోయాయంటే నేనే నిన్ను బ్యాంకులో దింపుతా."

విసుక్కుంటూనే అడిగింది. జవాబు నిమిషంలో వచ్చింది. ఛాతీ ముప్పై ఎనిమిది, భుజాలు పదహారు, మెడ పదిహేడు. అక్క పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుంది. ఒకసారి చూసింది, వేలు పెట్టి మళ్లీ చూసింది.

"ఒళ్లు తగ్గిందంటే తగ్గిందనుకుందాం" అంది మెల్లగా. "భుజం ఎముక ఎక్కడికి పోతుందే?"

వీడియోలో కనిపిస్తేనే డబ్బు అని రాసింది. అంతే, నిన్నటిదాకా ప్రాణం అన్నవాడు "నమ్మకం లేని ఆడది" అని మొదలుపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. వాడి నోరు పడ! అక్క ఆ మెసేజీలన్నీ ఫొటోలు తీసి యాప్ వాళ్లకు ఫిర్యాదు పంపింది. వాణ్ని బ్లాక్ చేసింది. చెప్పులు విప్పి వచ్చి మిషను ముందు కూర్చుంది, కాలు మాత్రం కదల్లేదు.

"పోనీలే అక్కా, డబ్బు దక్కింది" అన్నాను.

"డబ్బు సంగతి కాదే. రోజూ పొద్దున్నే తిన్నావా అని అడిగేవాడు" అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. అన్నాళ్లుగా ఆ ముక్క నేనైనా అడగలేదు.

యాప్ తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. "ఒక దొంగ వచ్చాడని వీధి తలుపు కట్టేసుకుంటామా?" అంది. అయితే ఈసారి ముందే చెప్పేది: మొదట వీడియోలో మాట్లాడాలి, తర్వాత పట్టపగలు నలుగురూ ఉండే చోట కలవాలి, డబ్బు మాటెత్తితే దండం పెట్టేస్తాను. సగం మంది ఆ ముక్కకే మాయమయ్యారు. పీడా పోయింది.

నాలుగు నెలలకు ఆ షరతులన్నిటికీ ఒకాయన నిలబడ్డాడు, బస్సు డిపోలో మెకానిక్. భార్య లేదు. వీడియోలో ఆయన వెనక టైర్లు, పక్కన అరిచే డ్రైవర్లు అన్నీ కనిపించాయి. ఒక శనివారం పదకొండింటికి టీ కొట్టులో కలుద్దామనుకున్నారు. అక్క కొంచెం ఆగి వస్తానంది. నేను ముందే వెళ్లి, ఆయన పక్క బల్ల దగ్గర కాపలా కూర్చున్నాను.

ఆయన అప్పటికే ఉన్నాడు. అవతల బల్ల దగ్గర ఒకావిడ ఆయన్నీ తలుపునూ మార్చి మార్చి చూస్తోంది. ఇదేదో దొంగల జట్టులా ఉందే అనుకుని నేరుగా వెళ్లి అడిగేశాను.

"ఆయన మీకేమవుతారండీ?"

"మా అన్నయ్య" అంది ఎగాదిగా చూసి. "మీరు?"

"రాబోయే ఆవిడకి చెల్లెల్ని."

ఆమె ముఖంలో బిగువు సడలింది. గొంతు తగ్గించి అంది. "ఏమీ అనుకోకండి. పోయినేడాది ఒకామె ఆటో ఖర్చులని, ఆసుపత్రని అన్నయ్య దగ్గర చాలా డబ్బు గుంజి, చివరికి ఇక్కడికే వస్తానంది. రెండు గంటలు కూర్చున్నాడండీ. ఎవరూ రాలేదు. అందుకే వెంట వచ్చాను."

ఇంతలో అక్క తలుపు తోసుకుని వచ్చింది. ఆయన గబుక్కున లేచాడు. నమస్కారం పెట్టడం కూడా మరిచి అలాగే చూస్తున్నాడు.

అక్క ఆయన ఎదుటి కుర్చీ లాక్కుని, "కూర్చోండి, వచ్చేశాను కదా" అంది.