ఇంటి వాడకానికి ఒక చెట్టు

నాది నూజివీడులో పురుగుమందుల కొట్టు. ముప్పై ఏళ్ళుగా మామిడి రైతులకి తేనెమంచు పురుక్కీ బూడిద తెగులుకీ మందులమ్ముతున్నాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కొట్టు కట్టేసి, చుట్టుపక్కల ఊళ్ళలో పాత సంగతులు వెతుక్కుంటూ పోతాను. దీనికి మా ఆవిడ ‘రాళ్ళూ రప్పల ఉద్యోగం’ అని పేరు పెట్టింది. జీతం లేదు, పైగా పెట్రోలు మనదే అని దెప్పుతుంది.

మేం ఐదారుగురం ఉన్నాం. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే మేడం మా అందరికీ పెద్దదిక్కు. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, గదమాయించడంలో నాకంటే యాభై ఏళ్ళు పెద్ద. ఏ దిబ్బ మీద అక్షరాలున్న రాయి కనపడినా, ఎవరి అటక మీద పాత కాగితాల మూట ఉన్నా, ఫోటోలు తీసి, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి దాస్తాం. ఇదంతా ఎవరు చూస్తారండీ అని ఒకసారి అడిగితే, ‘చూసేవాళ్ళు పుట్టేదాకా మనం చూద్దాం’ అంది మేడం.

కిందటేడు వేసవి మొదట్లో రెడ్డిగూడెం నుంచి ఒకావిడ కొట్టుకొచ్చింది. భర్త పోయాక తోట తనే చూసుకుంటోంది, నాకు పాత ఖాతాదారు. “ఇంక మీ మందులతో నాకు పనుండదు అన్నయ్యగారూ! ఈ కాపు అవగానే మామిడి పీకించేసి పామాయిల్ వేస్తున్నా” అంది. మనసు చివుక్కుమంది. కానీ ఏమంటాం? మామిడి వాళ్ళని ఎంత ఏడిపిస్తోందో నాకు తెలియంది కాదు. మాటల్లో వాళ్ళ అటక మీద కాగితాలున్నాయని చెప్పింది. మర్నాడే మేడాన్ని బండెక్కించుకుని పోయాను.

ఆ మూటలో ఒక కాగితం దొరికింది. ఈవిడ మామగారు తోట కాపు అమ్మినప్పుడు రాయించుకున్నది. మా వైపు పూత మీదే తోట అమ్మేస్తారు. అమ్మాక కాయ బేరగాడిది. తోటగల ఆసామికి పచ్చడికి ఒక్క కాయ కావాలన్నా కావలివాణ్ణి అడగాలి. అందుకని తెలివైనవాళ్ళు ఒకటో రెండో చెట్లు మినహాయించుకుంటారు. ఈ కాగితంలోనూ చివర అదే రాసుంది: ‘సాంబ్రాణి రసం చెట్టు ఒకటి ఇంటి వాడకానికి మినహా’.

సాంబ్రాణి రసమా! చిన్న రసం తెలుసు, పెద్ద రసం తెలుసు, చెరుకు రసం తెలుసు. ముప్పై ఏళ్ళు మామిడి మధ్య బతికి ఈ పేరు ఎప్పుడూ వినలేదు. మేడం కళ్ళు ఇంతింతయ్యాయి. రాళ్ళ చరిత్ర చాలా రాశాం, పండు చరిత్ర ఎవడు రాశాడు అంది. వారం రోజులు నేను కొట్టుకొచ్చిన ప్రతి రైతునీ అడిగాను. ఒక్క ముసలి బేరగాడు మాత్రం, పండు కోస్తే గదంతా సాంబ్రాణి పొగ వేసినట్టుండేదని వాళ్ళ నాన్న చెప్పేవాడన్నాడు. చెట్టు ఎక్కడుండేదో ఆయనకీ తెలియదు.

తోటలో బోరు దగ్గర, తూర్పు నుంచి పడమరకి ఒకే వరసలో, ముసలి చెట్లు మూడున్నాయి. మిగతావన్నీ తర్వాత వేసిన బంగినపల్లి అంట్లు. ఆ మూడింట్లో ఒకటయ్యుండాలి. కానీ ఏది? ఎన్నో ఏళ్ళుగా మినహాయింపు లేదు, గినహాయింపు లేదు, మొత్తం తోట పూత మీదే పోతోంది. కాయలన్నీ పచ్చివే కోసి, రసాల్లో రసాలుగా లారీ ఎక్కించేస్తున్నారు. చెట్టున పండిన పండు ఆ ఇంట్లో ఎవరూ తిని ఎరగరు.

ఒక చెట్టయినా ఉంచమ్మా అని బతిమాలాను. ఆవిడ బోరు వైపు చూసి, “బోరు పక్కన ఒక్కదానికి చోటుంటుంది. మూడూ ఉంచమంటే నావల్ల కాదు. ఏదో మీరే తేల్చండి” అంది. వానలకి ముందే పొక్లెయిన్ వస్తుందని కూడా చెప్పింది. మూడింటి నుంచీ కొమ్మలు తెచ్చి అంట్లు కట్టించాం. నర్సరీ ఆయన వానలు పడనివ్వండి బాబూ అని మొత్తుకున్నాడు, మేం వింటేనా? మే నెల ఎండకి ఒక్కటంటే ఒక్కటి బతకలేదు. అంటే సరైన చెట్టు పట్టుకోలేకపోతే ఆ పండు ఈ భూమ్మీద ఉండదు. నాకు నిద్ర పట్టేది కాదంటే నమ్మండి.

తేల్చగలిగిన మనిషి ఇక ఒక్కరే, ఆ ఇంటి పెద్దావిడ, అంటే ఈవిడ అత్తగారు. ఎనభై దాటాయి, కళ్ళు మసక, మాట మాత్రం గట్టి. పెద్దమ్మగారూ, మీకు గుర్తుందా అని అడిగితే, “పండు తెండి అబ్బాయ్. చూద్దాం” అంది. అంతే.

ఆ ఏడు తోట కొన్న బేరగాడి కాళ్ళావేళ్ళా పడి, ఒక్కో చెట్టునుంచి ముదురు కాయలు ఆరేసి కోయించుకున్నాను. మూడు బుట్టల్లో గడ్డి పరిచి మాగేశాను. ఇంట్లో పెడితే కోతులు బతకనివ్వవు. మా వీధిలో వంటగదిలోకొచ్చి ఫ్రిజ్ తెరిచే కోతులున్నాయి. అందుకని బాగా ఆలోచించి, తలుపుకి తాళం ఉండేచోట, గాలి చొరబడని చోట పెట్టాను. కొట్టు వెనక గదిలో. రోజూ పొద్దున్నే గడ్డి ఎత్తి చూసుకునేవాణ్ణి. ఎంత బాగా రంగు తిరిగాయో!

వారం తర్వాత మూడు బుట్టలూ పెద్దావిడ మంచం ముందు పెట్టాం. మేడం ఫోన్ రికార్డింగ్ పెట్టింది. నేను తూర్పు చెట్టు పండు తొడిమ తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ రెండు చేతులా పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ముఖం పక్కకి తిప్పేసి, “ఏంటిది అబ్బాయ్, మందు కంపు?” అంది.

మేడం ఒక పండు లాక్కుని వాసన చూసి నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. “ఎక్కడ మాగేశారండీ?” అంది. కొట్టులో అన్నాను. “పురుగుమందుల కొట్టులోనా! సాంబ్రాణి వాసన పట్టుకోవాల్సిన పండుని!” నేను కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు శుభ్రంగా మామిడిపండు వాసనే వచ్చింది. ముప్పై ఏళ్ళ నుంచి ఆ గదిలోనే అన్నం తింటున్నవాణ్ణి, నాకేం తెలుస్తుంది? భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. తినడానిక్కూడా భయమని కోడలు మూడు బుట్టలూ దిబ్బలో పారబోయించింది. చెట్ల మీద అప్పటికి కాయ లేదు.

మర్నాడు పొక్లెయిన్ వచ్చేసింది. ఇక దారి లేక పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి తోటలోకి మోసుకెళ్ళాం. “పెద్దమ్మగారూ, ఒక్కటే మిగులుతుంది. మీరే చెప్పాలి, ఏది ఉంచమంటారు?” అన్నాను. ఆవిడ తడుముకోకుండా పడమటి చెట్టు చూపించింది. ఆ నమ్మకం చూసి మాకు ప్రాణం లేచొచ్చింది. మిగతా రెండూ మా కళ్ళముందే కూలాయి. మేడం పడమటి చెట్టు పక్కన నిలబడి ఫోటో దిగి, ‘సాంబ్రాణి రసం, చివరి చెట్టు’ అని మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎన్ని దండాలు, ఎన్ని చప్పట్లు!

ఈ వేసవిలో అది కాసింది. ఈసారి బేరగాడు లేడు, కొట్టు లేదు. చెట్టునే పండనిచ్చి, రాలిన పండు నేనే ఏరుకుని అక్కడే నిలబడి కొరికాను. పులుపు. పళ్ళ సందున ఇంత పీచు. సాంబ్రాణి కాదు కదా, మామూలు రసం పాటి వాసన కూడా లేదు. ఒళ్ళు మండిపోయింది. ముసలావిడ మీద కోపం, నా మీద నాకు కోపం. ఆ పండు పట్టుకునే విసవిసా వాళ్ళింటికి పోయాను. కోడలు ఊళ్ళో లేదు, పెద్దావిడ వరండాలో ఒక్కతే ఉంది.

“ఇది సాంబ్రాణి రసం కాదు పెద్దమ్మగారూ” అన్నాను.

“కాదు” అంది ఆవిడ. “అది తూర్పుది.”

తెలిసే చెప్పారా అని అడిగేసరికి గొంతు పెద్దదైపోయినట్టుంది. ఆవిడ మాత్రం అదరలేదు, బెదరలేదు.

“కూర్చో అబ్బాయ్. ఇంటి వాడకం అంటే ఇంట్లో అందరికీ అనుకున్నారా ఏంటి? ఆ పళ్ళు మా అత్తగారి గదిలో మాగేవి. తాళం ఆవిడ బొడ్డున ఉండేది. అల్లుళ్ళొస్తే వాళ్ళకి, ఆఫీసర్లొస్తే వాళ్ళకి. వాసనకి నోట్లో నీళ్ళూరేవి. వాళ్ళు తిన్న కంచాలు కడిగేదాన్ని, అంతే. ఆవిడ పోయేనాటికే మా ఆయన మొత్తం తోట బేరానికిచ్చేశాడు. ఒక్క ముక్క నేనెరగను. పండు తెండి అన్నానా కిందటేడు? చచ్చేలోపు ఒక్కసారి తిందామనే. నువ్వేమో మందు కంపు కొట్టించి తెచ్చావు.”

ఆ రోజు ఆవిడ పండు ముక్కు దగ్గర పెట్టుకుని అంతసేపు ఎందుకున్నదో అప్పుడు తెలిసింది. క్షమించండి అంటూంటే ఏడుపొచ్చింది.

“మరి ఇదెందుకు ఉంచమన్నారు?” అని అడిగాను.

“ఇది పుల్లది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కోడలినైన నాకూ పాలేళ్ళకీ ఇదే. ముగ్గురు పిల్లలు కడుపున పడ్డప్పుడూ వేవిళ్ళకి దీని కాయే తిన్నాను” అంది. నా చేతిలో సగం కొరికిన పండు తీసుకుని, చెంగుతో తుడిచి, టెంక చీకడం మొదలుపెట్టింది. గడ్డం మీదికి రసం కారుతోంది.

“ఏది ఉంచమంటారు అని అడిగావు. ఈ ఇంటికొచ్చి అరవై ఏళ్ళు దాటింది అబ్బాయ్. ఆ మాట నన్నడిగింది నువ్వొక్కడివే.”