పక్కింటి బాబాయ్‌కి వినపడని చప్పుడు

పోయిన శుక్రవారం పొద్దున్న ఇడ్లీ పిండి గరిటె చేత్తో పట్టుకునే గోడ దగ్గరికి పరిగెత్తాను. అవతల నన్ను కేకేసిన పక్కింటి పిన్ని నిలబడి ఉంది. "బాబాయ్ లెగట్లేదమ్మా" అంది. నమాజు చేసుకుని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. అంతే.

మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. గోపాలపట్నంలో మా వీధి దాటితే ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువే. వాళ్ళది వన్‌టౌన్‌లో తరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం. హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో పనిచేసి రిటైరై మా పక్కకి వచ్చారు. వీధిలో ఎవరి బండి పాడైనా ఆయనే చూసేవారు. మేం పెందుర్తి అవతల పల్లె నుంచి వచ్చినవాళ్ళం. వచ్చిన వారానికే ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని అయిపోయారు.

మా ఆయనకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలయ్యాక, అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశారు. కారు తాళాలు నా చేతికొచ్చాయి. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. మాది పాతికేళ్ళు దాటిన చిన్న కారు, కార్బొరేటర్ రోజుల నాటిది. మా ఆయనకది ప్రాణం. నాకు మాత్రం రోజూ భయమే. స్టార్టయ్యేది కాదు, అయితే ఊగిపోయేది, ఎత్తు ఎక్కమంటే మొరాయించేది.

ఒక ఆదివారం వాకిట్లో దానితో కుస్తీ పడుతుంటే బాబాయ్ గోడ మీంచి చూశారు.

"ఏటమ్మా, బండి అలా వణుకుతాంది? టైమింగు తప్పినట్టుంది. ఉండు, నాను వత్తన్నాను."

టైమింగ్ అంటే ఏమిటో ఆయనే చెప్పారు. "ఉయ్యాల తోత్తావు కదా తల్లీ. అది వెనక్కొచ్చి ఆగినప్పుడు తోత్తే హాయిగా ఊగుతాది. ఇంకా వత్తుండగానే తోసేవనుకో, నీ సెయ్యే ఇరుగుతాది. ఇంజన్లో నిప్పురవ్వ కూడా అంతే. ముందు పడకూడదు, ఎనక పడకూడదు."

ఆ రోజు ప్లగ్గులు విప్పి రంగు చూశారు. వైర్లు ఒక్కొక్కటే పాత బనీనుతో తుడిచారు. నేను కంగారుగా అన్నీ ఒకేసారి మార్చేద్దామంటే చెయ్యి అడ్డం పెట్టారు. "ఒకపాలికి ఒక్కటే మార్చు. రెండు మార్చేవంటే ఏది బాగు సేసిందో ఆ అల్లాకి కూడా తెలీదు." చివరికి ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, ఇంజను నడుస్తుండగా దాన్ని కాస్త తిప్పి, తల ఒక పక్కకి వాల్చి విన్నారు. "బాగుంది, బిగించేత్తన్నాను" అన్నారు. నాకైతే ఏదో గలగల వినిపించింది. పెద్దాయనకి తెలీదా అని ఊరుకున్నాను.

సోమవారం డయాలసిస్ అయ్యాక వస్తున్నాం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆ గలగల పెరిగింది. స్టీలు డబ్బాలో గాజుగోళీలు వేసి ఊపినట్టు. సగంలోకి వచ్చేసరికి ఇంజను వేడెక్కిపోయి ఆగిపోయింది. డయాలసిస్ అయిన మనిషికి ఒంట్లో ఏమీ మిగలదు. మా ఆయన ఆ ఎండలో, ఆ రేకు డబ్బాలో, కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చేశారు. హారన్లు. ఎవరో ఆటో అతను దిగి, ఇంకో ఇద్దరిని పిలిచి, బండిని కిందికి దించేసరికి గంట పట్టింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని పడుకోబెట్టి, నేరుగా గోడ దగ్గరికెళ్ళాను. "చేతకాకపోతే చేతకాదని చెప్పాలి గానీ, బాగుందని ఎలా అనేశారు బాబాయ్? ఆయనకేమైనా అయితే?" అని అరిచాను. వీధంతా విన్నారు. బాబాయ్ తల దించుకుని లోపలికెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నెత్తి మీది టోపీ తీసి చేత్తో నలుపుతున్నారు.

"నాకు సెవులు పోనాయి తల్లీ" అన్నారు. "ముప్పయ్యేళ్ళు రేకులు కొట్టేకాడ పని సేసేను. మాట వినపడతాది గానీ, ఇంజన్లో సన్న సప్పుడు వినపడదు. ఎవులికీ సెప్పలేదు. సెప్తే మరి నా దగ్గరికి బండి ఎవులు తెత్తారు? మొన్న ఏటీ వినపడకుండానే బాగుందనేసేను. నా మూలంగా ఆ బాబు ఎండలో కూకున్నాడు."

డెబ్బై ఏళ్ళ మనిషి నా ముందు అలా నిలబడితే చూడలేక కుర్చీ తెచ్చి వేశాను. వీధిలో నేనన్న మాటలన్నీ నా మీదికే తిరిగొచ్చాయి. మంచం మీంచి మా ఆయన అన్నారు: "దానికేటి బాబాయ్. ఈవిడికి సెవులున్నాయి కదా. తను వంటింట్లో ఉన్నా, నాను ఫోన్లో గుసగుసలాడినా వినేత్తాది. తీసుకెళ్ళి వాడుకోండి."

ముందు బాబాయ్ నవ్వారు. తర్వాత నేను. నవ్వుతూనే ఏడ్చాను.

ఈసారి ఆయన ట్రంకు పెట్టెలోంచి తుపాకీలా ఉండే టైమింగ్ లైటు తీశారు. దాని క్లిప్పు మొదటి ప్లగ్గు వైరుకి తగిలిస్తే, నిప్పురవ్వ పడ్డప్పుడల్లా లైటు మెరుస్తుంది. ఆ మెరుపులో, తిరిగే చక్రం మీది గీత ఒకచోట నిలబడినట్టు కనబడాలి. మాది నిలబడలేదు, ముందుకీ వెనక్కీ గెంతుతోంది. డిస్ట్రిబ్యూటర్ విప్పితే లోపల నిప్పురవ్వ వేళని అదుపులో పెట్టే రెండు చిన్న స్ప్రింగుల్లో ఒకటి తెగి ఉంది. కొత్తిమీర కాడంత లేదు. "దోషం దీనిది కూడా ఉంది బాబాయ్" అన్నాను, ఊరటగా. "ఉంటే ఉంది. నాను విననిది మాత్రం నిజవే" అన్నారు.

సిటీ బస్సెక్కి వన్‌టౌన్ వెళ్ళి, పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, స్ప్రింగు కాగితంలో చుట్టి తెచ్చారు. నేను పొడవాటి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన డిస్ట్రిబ్యూటర్ వెంట్రుకవాసి తిప్పడం, ఏక్సిలేటర్ పెంచడం, నా మొహం చూడడం.

"ఏటి వినపడతాంది?"

"పోపులో ఆవాలు చిటపటలాడినట్టు."

"ఇప్పుడు?"

"కుట్టుమిషను. మెత్తగా."

ఆ బుధవారం ఆయన కూడా మాతో బయల్దేరారు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి ముందుకి వంగి అడిగారు. "ఏటి వినపడతాంది తల్లీ?" "ఏమీ లేదు బాబాయ్." "ఏటీ లేదా?" "లేదు." ఆయన వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. మా ఆయన చెయ్యి వెనక్కి చాపి ఆయన మోకాలు తట్టారు.

ఆ తర్వాత వీధిలో ఎవరి పాత బండి టైమింగు తప్పినా ఇద్దరం వెళ్ళేవాళ్ళం. "నా సెవులు తెత్తాను, ఉండండి" అని నన్ను పిలిచేవారు. దాచుకోవడం మానేశారు. నాక్కూడా ఒక అలవాటు నేర్పారు. మా ఆయన ఊరికే విసుక్కుంటున్నారని నేను పిన్ని దగ్గర చెప్పుకుంటే, ఒకసారి మెల్లిగా అన్నారు: "ఆయన ఏటంటన్నాడో కాదమ్మా, ఎప్పుడంటన్నాడో సూడు." చూశాను. డయాలసిస్ ముందురోజు సాయంత్రాలే ఆ విసుగు. కోపం కాదు, భయం. అప్పట్నుంచి ఆ సాయంత్రాలు పని పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చుంటున్నాను.

బాబాయ్ పోయిన ఆ శుక్రవారం కూడా డయాలసిస్ రోజే. మానడానికి వీల్లేదు. హాస్పిటల్‌కి ఫోన్ చేసి ముందు షిఫ్ట్‌లో పెట్టించుకుని, తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం నమాజు వేళ అవుతోంది. పడుకోమంటే మా ఆయన వినలేదు. బాబాయ్‌ని మోసుకెళ్ళే జనాజా గుమ్మం దాటుతుంటే ఎదురెళ్ళారు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేత్తో బరువు పట్టుకోకూడదని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. కుడివైపు వెళ్ళి భుజం ఇచ్చారు. నాలుగడుగులు వేశారో, అయిదో. ఎవరో వచ్చి మెల్లిగా తప్పించి, చెయ్యి పట్టుకుని నడిపించారు. పిన్నిని పట్టుకుని నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. తెల్ల లాల్చీల మధ్య మా ఆయన ఎడమ మోచేతి మీది దూది, దాని మీది ప్లాస్టరు, మలుపు దాకా కనబడుతూనే ఉన్నాయి.