యశోద నిలబడ్డ పెట్టె

ఐదో తరగతి చదివిన వడ్రంగిని. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల నేను చేసిన ఎడ్లబండ్లు నలభై, బిగించిన దర్వాజలకు లెక్కే లేదు. అయినా నా పనితనం చెప్పమంటే ముందు మా యశోద పెట్టె గురించే చెబుతాను.

మనవరాలు యశోదకు పుట్టుకతోనే కాళ్లల్లో సత్తువ లేదు. 1981లో, ఆరేండ్ల వయసులో, మంచం మీంచి ఎత్తుతుంటేనే తొడ ఎముక విరిగింది. అది అతికినా, మళ్లీ విరుగుతుందేమోనని ఆమెను ముట్టుకోవడానికే భయపడ్డాం.

హన్మకొండ దవాఖానలో డాక్టరమ్మ, "ఎప్పుడూ పండబెడితే ఎముక ఇంకింత బలం తగ్గుతది తాతా. ఆసరా ఇచ్చి రోజూ జరసేపు నిలబెట్టాలె. కాళ్ల మీద బరువు పడాలె," అని బొమ్మ గీసిచ్చింది.

టేకుతో పెట్టె చేసి, చంకల కింద మెత్తలేసి పలకలు బిగించి, బస్సు టాపు మీద వేసుకొని, యశోదతో దవాఖానకు పోయాను. డాక్టరమ్మ యశోదను అందులో నిలబెట్టి, పాదాల కింద కాగితం పెట్టి లాగింది. సర్రున వచ్చేసింది.

"పెట్టె మంచిగనే ఉంది తాతా. పిల్ల మాత్రం నిలబడలే, వేలాడుతాంది!"

"తాత నన్ను దండెం మీద ఆరేసిండు," అని యశోద నవ్వింది.

బరువంతా నా పలకలే మోస్తున్నాయి! అక్కడే సుత్తె తీసి వాటిని రెండు వేళ్ల మందం కిందికి దించాను. ఈసారి కాగితం కదల్లేదు.

రోజూ పొద్దుటి ఎండలో నిలబెట్టాం. రెండేండ్ల తర్వాత ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఎముక గట్టిపడ్డది తాతా, ఫికర్ చేయకు," అన్నది. ఒకప్పుడు ముట్టుకోవడానికే భయపడ్డ యశోదను ఆనాడు నేనే ఎత్తుకొని బస్సెక్కాను.