కారుకి అమ్మవారు పోసిన రోజు

నిన్న సుభాష్‌పల్లిలో మా పక్కింటివాళ్ళు ఇనుప గేటుకి పాత రంగు ఊడగొట్టే మందు పూశారు. ఆ ఘాటు వాసనకి నా ఏడేళ్ళప్పటి భయం ఒకటి కళ్ళముందుకొచ్చింది.

అప్పుడే నాకు అమ్మవారు పోసి తగ్గింది. పొక్కులు గోకితే తల్లికి కోపమొచ్చి కళ్ళు పోతాయని అమ్మ రోజూ చెప్పేది. వేపమండతో తప్ప నేను ఒళ్ళు తాకలేదు.

ఆ ఆదివారం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ ముందు నాన్న, మేం దాదా అని పిలిచే ఒక బెంగాలీ ఆయన పాత కారు బాగుచేస్తున్నాడు. బానెట్ మీద మందు పూశాడు. కాసేపటికి నల్లరంగు ఉబ్బి, నిండా పొక్కులు లేచాయి. ముందురోజు ఆ కారుకి ఆనుకుని ఆడుకున్నది నేనే; నావల్లే దానికి అంటుకుందనుకున్నాను. ఇంతలో నాన్న ఇనపరేకు తీసుకుని ఆ పొక్కులు గీకడం మొదలెట్టాడు. పరిగెత్తుకెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"నానా, గోకకు! దానికి అమ్మోరు పోసింది! నీ కళ్ళు పోతాయి!"

పక్కనే నిలబడ్డ దాదా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే, నా కారుకి కూడా అమ్మోరా!"

నాన్న నవ్వలేదు. రేకు కిందపెట్టి, చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. "తల్లినడిగినాను. ఇనుముకైతే పర్లేదంట. గీకీమంటావేటి?"

తలూపాను గానీ నమ్మలేదు. మర్నాడు నాన్న కళ్ళు తెరిచేదాకా మంచం పక్కనే చేతులు జోడించి నిలబడ్డాను.

"ఏటే, అలా సూస్తన్నావ్?" అన్నాడు నన్ను చూసి.

ఎవరూ చెప్పకుండా నా అంతట నేను దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే మొదలు.