తూకం గడి ఒక్కటే ఉండాలన్న మేడం

మా టీమ్ లీడ్ మేడం పోయిన వారం చనిపోయారు. ఆస్పత్రి నుంచి కబురొచ్చిన కాసేపటికే మా ఓనరు నా కుర్చీ దగ్గరికొచ్చి, "కంపెనీ పేజీలో పెట్టాల, నాలుగు మంచి మాటలు రాయప్పా. శాంతం, సహనం, అట్లా" అన్నాడు. ఆయనకు రాసివ్వలేదు. మీకు రాస్తున్నాను.

శాంతమట! నంద్యాలలో మా మేడ మీది ఆఫీసు గోడలనడగండి. మేం బియ్యం మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం, ధాన్యం కాటా ఎక్కినప్పటి నుంచి బిల్లు చేతికొచ్చే దాకా. చేరిన కొత్తలో నెలంతా కూర్చుని ఒక స్క్రీన్ చేసి చూపించాను. "ఏందప్పా ఇది? ఇన్నాళ్లు ఎవురికీ సూపీకుండా దాపెట్టినావే, పెండ్లికూతురా?" అన్నారు మేడం, అందరి ముందు. చాలా రోజులు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆమె పద్ధతి ఇది. స్క్రీన్‌ను ముక్కలుగా చేయాలి. బరువు చూపే గడి, సంచి బరువుకని తరుగు తీసే గడి, బిల్లు బటన్, దేనికది. ఒక్కో ముక్క ఒక్కచోటే ఉండాలి, అన్ని మిల్లులూ దాన్నే వాడుకోవాలి. రెండు వారాలకోసారి, అయినంత పని పట్టుకుని ఆళ్లగడ్డ మిల్లుకు పోయి కాటా గుమాస్తా ముందు పెట్టాలి. సగం పనితో బస్సెక్కాలంటే మాకు తల కొట్టేసినట్టుండేది. "ముక్క చిన్నదైతేనే బేగా మార్చొచ్చు. గుమాస్తా తిట్టేదేదో ఈ పొద్దే తిడితే మేలు, అంతా అయినాక తిడితే ఏడ్చాల" అనేవారు. బస్సులో వేయించిన చెనిక్కాయలు పంచేవారు. ఆ రోజు తిట్లు తిన్నవాడికి ఇంకో గుప్పెడు. నాకు పని నేర్పింది ఆమే.

ఓనరుకు ఈ పద్ధతిలో నచ్చింది ఒక్కటే, పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకోవడం. మేడం ఉన్నప్పుడు అది టీ చల్లారేలోగా అయిపోయేది. ఆమె మంచం పట్టాక మేం కాళ్లు లాగేదాకా నిలబడితే, ఆయన కుర్చీలో కూర్చుని ఉపన్యాసాలిచ్చేవాడు. ఆళ్లగడ్డ ప్రయాణాలు దండగన్నాడు. తొందరగా అవుతుందని ప్రతి ముక్కనూ మిల్లుకో కాపీ చేయించాడు. ఇంతలో గోనె సంచులు పోయి తేలిక ప్లాస్టిక్ సంచులొచ్చాయి. నంద్యాల మిల్లు కాపీలో తరుగు తగ్గించాం, ఆళ్లగడ్డ కాపీ ఎవరికీ గుర్తు లేదు. అక్కడి స్క్రీన్ రైతులకు గోనె సంచి తరుగే కోస్తూ పోయింది. కాటా దగ్గర గొడవైంది. రైతులు కాలర్ పట్టుకున్నది గుమాస్తాది, మా ఓనరుది కాదు.

నిన్న ఆఫీసులో సంతాప సభ. దండేసిన ఫోటో పక్కన నిలబడి ఓనరు, "మేడం దారే మా దారి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మేడం భర్త లేచారు. బడి పంతులు, మాట తక్కువ మనిషి.

"మా ఆమె ఆస్పత్రిలో గూడా అదే అడుగుతాండె. ఆ ముక్కలు ఒక్కచోటే ఉండాయా?"

ఓనరు ఫోటో మీది దండ సర్దసాగాడు. పంతులుగారు నావైపు తిరిగారు. "నువ్వు చెప్పప్పా."

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. "లేవు సార్. మిల్లుకొకటి విడగొట్టినారు. ఆళ్లగడ్డకు వచ్చేది గూడా మానిపించినారు."

"ఈ టైములో అవన్నీ ఎందుకప్పా?" అన్నాడు ఓనరు.

పంతులుగారు ఫోటో దగ్గరికి నడిచి, దండ తీసి బల్ల మీద పెట్టారు. "ఆమె మాట లేని తావున ఆమె ఫోటో ఎందుకు?" అని, దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

నేను బస్టాండు దాకా వెంట వెళ్లాను. ఆళ్లగడ్డ బస్సు కదులుతుంటే చూశాను. కిటికీ పక్క సీటులో ఫోటోను నిలబెట్టి, కుదుపులకు పడిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని, ఆయన పక్కన కూర్చున్నారు.