తాళం వేసిన గదిలో ఏడు గంటల వార్తలు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, అప్పటికే ఇంటింటికీ ఇంటర్నెట్ వచ్చేసింది) గోడ అవతలికి వైఫై అందకపోవడమే మనుషులకున్న పెద్ద కష్టమనీ, దాన్ని తీర్చగలవాణ్ని నేనేననీ గట్టిగా నమ్మేవాణ్ని. ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ల అంగడిలో పనికి చేరి ఏడాది కూడా కాలేదు. అంతలో జమ్మలమడుగులో మా చిన్నాయన పోయాడు. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దించిన మనిషి. నలుగురిలో ఏడవడం నాకు చేతకాదు. చేతులకు ఏదైనా పని దొరికితే బాగుండునని చూస్తుంటే, దొరికింది.

చిన్నాయన తన ముందరి గదిలోనే పోయాడు. నక్షత్రం మంచిది కాదనీ, ఆ గదిని ఆరు నెలలు మూసిపెట్టాలనీ అయ్యవారు చెప్పాడు. తాళం వేసి గడప ముందు ముళ్లకంప పెట్టారు. చిన్నమ్మకు అన్న అయిన మా పులివెందుల మామ మాత్రం గది ఒక్కటే మూస్తే చాలదనీ, ఇల్లంతా మూసేసి చెల్లెలు తనతో వచ్చేయాలనీ పట్టుబట్టాడు. చిన్నమ్మ కదలనంది. "సరేమ్మా, ఉండు. ఇంట్లో ఏ కొంచెం తేడా కనపడినా మళ్లా నా మాట కాదనగూడదు" అని చెప్పి ఆయన వెళ్లాడు.

ఇంటర్నెట్ రౌటర్ ఆ గదిలోనే ఉంది. మేడమీద గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే మా చెల్లెలి (చిన్నమ్మ కూతురు) కోసం అక్కడ కరెంటు ఆపలేదు. తలుపు తెరిచి ఉన్నన్నాళ్లూ అంతో ఇంతో సిగ్నల్ వచ్చేది. మూశాక రాతిగోడలు దాన్ని మింగేశాయి. కిటికీలోంచి చూస్తే చీకట్లో ఆ రౌటర్ పచ్చదీపం ఒక్కటే కొట్టుకుంటూ కనిపించేది. ఆ రౌటర్ నుంచి ఒక వైరు బయటికి లాగి, నడవలో వైఫైని ముందుకు అందించే మెష్ పెట్టె ఒకటి పెట్టి, అక్కణ్నుంచి వైర్లతోనే మేడమీదికొకటి, వంటింట్లోకొకటి పెట్టెలు పెడదామనుకున్నాను. చిక్కల్లా వైరు కొసను లోపలి రౌటర్‌లో గుచ్చడమే.

"లోపల కాలు పెట్టగూడదు. కట్టె పెట్టొచ్చా?" అని చెల్లెలు అడిగింది.

"కట్టె సంగతి అయ్యవారు చెప్పలా" అంది చిన్నమ్మ.

చింతకాయలు కోసే దోటి చివర వైరు కట్టి కిటికీ కడ్డీల్లోంచి లోపలికి తోశాను. చెల్లెలు టార్చి పట్టుకుంది. దోటి కొక్కెం, గోడ వంకెకు వేలాడుతున్న చిన్నాయన చొక్కాకు తగులుకుంది. చొక్కా చెయ్యి మెల్లగా పైకి లేచి నావైపు ఊగింది. "వైరు పెట్టి పోతా చిన్నాయనా" అన్నాను, అనుకోకుండానే. వెనక నుంచి చిన్నమ్మ, "ఏమన్నాడు?" అని మామూలుగా అడిగింది. దోటిని గబుక్కున ముందుకు తోశాను. ఆ తోపుకే కాబోలు, వైరు టక్కుమని రౌటర్‌లో కూర్చుంది.

పెట్టెలన్నీ వెలిగాయి గానీ చెల్లెలి ఆఫీసు కాల్స్ తెగిపోవడం మొదలైంది. మా అంగడి ఓనరుకు ఫోన్ చేశాను. "పాత రౌటర్ పని చేస్తాంటే నీ పెట్టెతో గూడా పెత్తనం చేయిస్తాండావా? బ్రిడ్జి మోడులో పెట్టప్పా. ఎవురికి ఏ అడ్రసో పాతదే చెప్తాది. నీవి ఊరికే మోస్తాయి" అన్నాడు. అలాగే చేశాను. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అయింది, కాల్స్ నిలిచాయి. ఇంట్లో ప్రతి ఫోనుకూ చిరునామా ఇస్తున్నది ఆ తాళం వేసిన గదేనన్న సంగతి బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది. కిటికీ పక్కన కూర్చున్నవాణ్ని కొంచెం ఇవతలికి జరిగాను.

కొన్నాళ్లకు పెట్టెలు ఎలా ఉన్నాయో చూద్దామని వెళ్లాను. ఆ సాయంత్రమే మామ కూడా వచ్చాడు. దీపాలు పెట్టే వేళ. నడవలో, మూసిన గదికి ఎదురుగా కూర్చుని మామ కాఫీ తాగుతున్నాడు. లోపలి నుంచి మగగొంతు ఒకటి గట్టిగా, "ఎర్రగా వేగేదాకా కలుపుతూ ఉండండి" అంది.

మామ చేతిలో గ్లాసు ఆగిపోయింది. తలుపు కింది సందులోంచి నీలం వెలుతురు వచ్చి ముళ్లకంప మీద కదులుతోంది. "ఇప్పుడు ఉప్పు" అంది గొంతు. మెట్లు దిగుతున్న చెల్లెలు సగంలో నిలిచిపోయింది.

"బావ గొంతు కాదే" అన్నాడు మామ గుసగుసగా. కాసేపు విని, "బతికినన్నాళ్లూ ఉప్పుడబ్బా యాడుంటాదో తెలీని మనిషి, ఇప్పుడు వంట చెప్తాండాడే" అన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "సర్దుకోమ్మా. ఇంగ ఈడ ఒక్క రాత్రి గూడా వద్దు."

చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ముఖంలో భయం లేదు, గాభరా ఉంది. చేతిలో ఫోన్‌ను గబగబా నొక్కుతోంది.

 నేనే కిటికీ దగ్గరికి వెళ్లాను (నా పెట్టెల పరువు కూడా ఉంది కదా). లోపల చిన్నాయన టీవీ వెలుగుతోంది. అందులో ఒకాయన ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) వేయిస్తున్నాడు, ఖాళీ మంచానికి ఎదురుగా. అప్పుడు అర్థమైంది. అంతా ఒకే నెట్‌వర్క్ చేశాను కనుక ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా ఆ టీవీకి వీడియో పంపవచ్చు. వంటింటికి వైఫై రావడం ఇదే మొదలు కదా, చిన్నమ్మ తెలియక ఎక్కడో నొక్కినట్టుంది.

మామకు చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఫోను బయట, టీవీ లోపల, నడుమ తాళం. ఎవురికి చెప్తాండావు అల్లుడా?" ఆయన ఫోన్‌ను వైఫైకి కలిపి, ఆయన చూసే వీడియో ఒకటి పెట్టించి, వీడియోను టీవీకి పంపే గుర్తు మీద ఆయన చేతనే నొక్కించాను. తాళం వేసిన గదిలోంచి ఒక మంద గొర్రెలు అరిచాయి. మామ తలుపు వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"మంచి జీవాలు" అన్నాడు చివరికి. చిన్నమ్మను తనతో రమ్మని మళ్లీ అడగకుండా పులివెందుల వెళ్లిపోయాడు.

మామ వెళ్లాక, "ఒక సెట్టింగు మారిస్తే ఆ టీవీ ఇంగ మీ ఫోన్లకు కనపడదు చిన్నమ్మా, మారుస్తా" అన్నాను.

"వద్దులేప్పా" అంది. మామ తాగిన గ్లాసు తీస్తూ, "దినామూ నేనే పెడతాండా, వార్తలు. ఈ పొద్దు మీ మామ వచ్చినాడని చెయ్యి తొట్రుపడి వంటది పడింది. సౌండు తగ్గించేది గూడా మరిచిపోతి."

"ఎందుకు చిన్నమ్మా?"

"ఏడు గంటల వార్తలు చూడకుండా ఆయప్ప ఎప్పుడన్నా అన్నం తిన్యాడా?"

"అంత తగ్గిస్తే చిన్నాయనకు వినపడదు గదా" అన్నాను. ఆయనకు చెవులు సరిగా వినిపించేవి కావు.

"అదే నా బాధ" అంది చిన్నమ్మ.

సెట్టింగు మార్చలేదు.

చిన్నమ్మ ఈ ఏడాది పోయింది. మంచి నక్షత్రమట, ఏ గదీ మూయనక్కర్లేదన్నారు. చెల్లెలు బెంగళూరుకు మారుతూ, వైర్లూ పెట్టెలూ తీసేయమని నాకు తాళంచేతులు ఇచ్చింది. మేడమీదిది తీశాను, వంటింట్లోది తీశాను. నడవలోదాని దగ్గరికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. మూలన ఆ దోటి ఇంకా ఉంది. దాన్ని పట్టుకుని చచ్చిపోయిన మనిషికి సంజాయిషీ చెప్పుకున్న ఆ కుర్రవాడు, సెట్టింగు మారిస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నవాడు, గుర్తొచ్చి నవ్వు వచ్చింది. ముందరి గది తలుపు దగ్గరగా లాగి, నడవలో కూర్చుని, నా ఫోన్ నుంచి లోపలి టీవీకి వార్తలు పంపాను. సౌండు పూర్తిగా పెంచాను. తలుపు కింద వెలుతురు కదిలింది. వార్తలు అయ్యేదాకా విన్నాను. అయ్యాక, ఎర్రగడ్డలాయన వీడియో వెతికి అది కూడా పెట్టాను. ఇప్పుడు చూసేవాళ్లు ఇద్దరు కదా.